చేతి చదువు: వైద్యవిద్యలో వాడ వాటా

వైద్యవిద్య చరిత్ర అనగానే కాలేజీల పునాదిరాళ్ళు, ప్రిన్సిపాళ్ళ పటాలు ముందుకొస్తాయి. మేము ఈ చరిత్రను వాడవైపు నుంచి చూడదల్చుకున్నాం. ఎందుకంటే వైద్యం పుస్తకంతో అబ్బే విద్య కాదు. నాడి పట్టుకోవాలి, పొట్ట నొక్కి చూడాలి, పుట్టే బిడ్డను చేతుల్లోకి అందుకోవాలి. మనిషిని మనిషి ముట్టుకుంటే తప్ప ఒంటబట్టదు. మరి ముట్టుకుంటే మైలపడే సమాజంలో ఈ చేతి చదువు ఎట్లా సాగింది? ఎవరి చేతులకు పట్టా దక్కింది, ఎవరి చేతులకు దక్కలేదు?

1835లో కలకత్తా మెడికల్ కాలేజీ మొదలైంది. మరుసటేడు మధుసూదన్ గుప్తా శవాన్ని కోయడం కట్టుబాటు తెంచిన ఘట్టంగా పుస్తకాలకెక్కింది. అది సాహసమే, కాదనం. కానీ శవాన్ని ముట్టుకోవడం డోములకు తరతరాల పని. ఒకరు ముట్టుకుంటే చరిత్ర, ఇంకొకరు ముట్టుకుంటే కులవృత్తి. అదీ తేడా.

శవం సంగతి అట్లా ఉంచితే, బతికున్న దళితుల సంగతేంది? 1929 డిసెంబరు 12న 'యంగ్ ఇండియా'లో ఒక ఉత్తరం అచ్చయింది. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో దాన్ని లోకం ముందు పెట్టాడు. కథియవాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య కాన్పయిన రెండు రోజులకే జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. రెండు రూపాయల ఫీజు మాట్లాడుకుని, పచ్చి బాలింతను వాడ బయటికి తెప్పించాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆ చేతినుంచి భర్తకు, భర్తనుంచి భార్యకు. తిరిగి అదే వరసలో డాక్టరుకు చేరింది. దూరాన్నుంచే నిమోనియా అన్నాడు. తర్వాత ఫీజిస్తామన్నా రాలేదు. ఆమె చనిపోయింది. ఆయనకు చదువు లేక కాదు. మనిషిని ముట్టుకోవడం ఆయన చదివిన చదువులో పరీక్ష కాలేదు, అంతే.

డాక్టరు ముట్టని చోట కాన్పులు చేసిందెవరు? మన తెలుగు ఊళ్ళల్లో మంగలి, మాల, మాదిగ ఇళ్ళ మంత్రసానులు. బొడ్డుకోయడం, మాయ తీసి పూడ్చడం మైలపనులు గనుక అవి వీళ్ళ పాలయ్యాయి. ఆ పనిలోంచే వీళ్ళకు తెలివి వచ్చింది. దాన్ని సర్కారు తెలివిగా చూడలేదు, మురికిగా చూసింది. 1903లో లేడీ కర్జన్ పెట్టిన విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి మొదలుకొని దాయీలను 'బాగుచేసే' పథకాలే. 1977 గ్రామీణ ఆరోగ్య పథకంలో దాయీకి 30 పనిదినాల శిక్షణ, 300 రూపాయల భృతి ఇచ్చారు. వందల కాన్పులు చేసిన ముసలమ్మ కూడా ఇందులో విద్యార్థే. ఆమె దగ్గర కూర్చుని నేర్చుకొమ్మని మాత్రం ఏ వైద్యవిద్యార్థినీ పంపలేదు.

విద్యార్థులను ఊళ్ళకు పంపాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1946లో భోర్ కమిటీ ప్రతి డాక్టరూ 'సామాజిక వైద్యుడు' కావాలని, మూడు నెలలు నివారణ, సామాజిక వైద్యంలో శిక్షణ ఉండాలని చెప్పింది. 1969లో మొదలైన సేవాగ్రామ్ వైద్యకళాశాల ఒక్కో బ్యాచి ఒక్కో ఊరిని దత్తత తీసుకునే పద్ధతి పెట్టింది. 1977లో కేంద్రప్రభుత్వం రీఓరియెంటేషన్ ఆఫ్ మెడికల్ ఎడ్యుకేషన్ పథకం కింద ఒక్కో కాలేజీకి మూడు బ్లాకులు అప్పగించింది. వీటివల్ల ఊళ్ళకు మందులు, టీకాలు అందాయి. అయితే 'దత్తత' అనే మాట దగ్గర మేము ఆగుతున్నాం. పద్దెనిమిదేళ్ళ విద్యార్థి, నలుగురు పిల్లల్ని సాకిన కూలితల్లిని దత్తత తీసుకోవడమేంది? ఈ లెక్కలో ఇచ్చేది కాలేజీ, పుచ్చుకునేది ఊరు. నిజానికి ఆమె ఇల్లు, ఒళ్ళు, తీరిక లేని పొద్దు ఆ విద్యార్థికి పాఠమవుతున్నాయి. ఆ ఖాతా ఎక్కడా రాయలేదు.

ఈ లెక్కను తిరగేసి చూపిన చోటొకటి మహారాష్ట్రలో ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివిన రజనీకాంత్ అరోలె, మేబెల్ అరోలె దంపతులు 1970లో అహ్మద్‌నగర్ (ఇప్పటి అహల్యానగర్) జిల్లా జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. మొదట నర్సులను ఊళ్ళకు పంపారు, అది సాగలేదు. అప్పుడు ఊరి ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. వాళ్ళల్లో దళితులున్నారు, అక్షరం రానివాళ్ళున్నారు. వారంవారం జామ్‌ఖేడ్ చేరి, వేరే కులాల ఆడవాళ్ళతో కలిసి తిని, కలిసి పడుకుని నేర్చుకున్నారు. 1970ల మొదట్లో వెయ్యికి 176గా ఉన్న శిశుమరణాలు 1990ల నాటికి 20 దగ్గరికి దిగాయి. అంతకన్నా మాకు ముఖ్యమైంది మరొకటి. దేశవిదేశాల వైద్యవిద్యార్థులు అక్కడికి వచ్చి ఈ ఆడవాళ్ళ దగ్గరే పాఠం విన్నారు. అంటరాని చెయ్యి గురువు చెయ్యి అయింది. భాగస్వామ్యం అంటే ఇది.

2022లో జాతీయ వైద్య కమిషన్ 'కుటుంబ దత్తత'ను ఎంబీబీఎస్ మొదటి ఏడునుంచే పాఠ్యప్రణాళికలో పెట్టింది. మళ్ళీ అదే మాట! విద్యార్థులు వాడకు రావడాన్ని మేము వద్దనడంలేదు, రావాల్సిందే. కానీ అరుగుమీద కూచుని ఫారాలు నింపుకొని పోతే అది థర్మామీటరును చేతులు మార్చి పంపడం లాంటిదే. లోపలికొచ్చారా, మంచినీళ్ళిస్తే తాగారా, చెయ్యి పట్టి చూశారా అన్నది ఆ ఇంటామె చెప్పాలి, ఆ మాటకు మార్కులుండాలి. పాఠం చెప్పిన ఆశా కార్యకర్తకు, మంత్రసానికి కాలేజీ జీతమివ్వాలి, గురువుల జాబితాలో పేరు రాయాలి. వాడ ఇన్నాళ్ళూ చెప్పిన పాఠానికి బాకీ తీర్చడం అక్కణ్ణుంచి మొదలుకావాలి.