హైబ్రిడ్ వర్క్: ఇంటి నుంచి పనిచేస్తే ప్రమోషన్ పోతుందా? టీమ్ లీడ్స్ ఇవి తెలుసుకోవాలి

వారంలో కొన్ని రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇల్లు. ఇదే హైబ్రిడ్ విధానం. ఇంట్లో ఉంటే పని సాగదని మేనేజర్లకు, ప్రమోషన్ రాదని ఉద్యోగులకు భయం. మరి నిజమెంత?

చైనాకు చెందిన ట్రావెల్ కంపెనీ ట్రిప్.కామ్‌లో 2021-22లో 1,612 మంది ఉద్యోగులతో ఆరు నెలల ప్రయోగం జరిగింది. కొందరికి బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని. మిగతావాళ్లకు ఐదు రోజులూ ఆఫీసే. ఫలితాలు 2024లో 'నేచర్' జర్నల్‌లో వచ్చాయి. హైబ్రిడ్ వాళ్లలో రాజీనామాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. రేటింగ్స్, ప్రమోషన్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే అక్కడ ఇంటి రోజులు ముందే ఫిక్స్. ఆరు నెలలకోసారి పనితీరును పక్కాగా లెక్కేస్తారు. ఆ రెండూ లేకపోతే ఇబ్బందే. అందుకే టీమ్ లీడ్స్ ఏం చేయాలంటే..

* టీమ్ మొత్తానికీ ఒకే ఆఫీసు రోజులు పెట్టాలి. లేదంటే ఆఫీసుకొచ్చి కూడా వీడియో కాల్‌లోనే మాట్లాడుకోవాలి.
* ఆఫీసులో తీసుకున్న నిర్ణయాన్ని అదే రోజు గ్రూప్‌లో రాసిపెట్టాలి.
* అమెరికా క్లయింట్ల రాత్రి కాల్స్‌ను వంతులవారీగా పంచాలి.
* ఎదురుగా కనిపించేవాళ్లకే మంచి రేటింగ్ ఇవ్వడాన్ని ప్రాక్సిమిటీ బయాస్ అంటారు. రేటింగ్ ఇచ్చే ముందు చేసిన పనుల లిస్ట్ చూడాలి, అటెండెన్స్ కాదు.