అమెరికాలో అమ్మకపు పన్ను: చిన్న వ్యాపారికి రీసేల్ సర్టిఫికెట్

అమెరికాలో దేశమంతటికీ వర్తించే అమ్మకపు పన్ను లేదు. 45 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ దానిని వేర్వేరుగా విధిస్తాయి. భారత్‌లో జీఎస్టీని ప్రతి దశలోనూ చెల్లించి, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రూపంలో సర్దుబాటు చేసుకుంటారు. అక్కడ ప్రధానంగా వస్తువును వాడుకునే చివరి కొనుగోలుదారు నుంచే పన్ను వసూలవుతుంది. మధ్య దశల మినహాయింపునకు ఆధారం రీసేల్ సర్టిఫికెట్, అంటే పునర్విక్రయ ధ్రువపత్రం.

తెలుగువారు గణనీయంగా ఉన్న టెక్సాస్‌లో రాష్ట్ర పన్ను 6.25 శాతం. స్థానిక పన్నులు కలిస్తే 8.25 శాతం వరకు చేరుతుంది. డాలస్‌లో పాత్రల దుకాణం నడిపేవారు తమ పర్మిట్ నంబరు రాసి, సంతకం చేసిన సర్టిఫికెట్‌ను టోకు వ్యాపారికి ఇచ్చి పన్ను లేకుండా సరుకు కొంటారు. వినియోగదారు నుంచి పన్ను వసూలు చేసి రాష్ట్రానికి జమ చేస్తారు. అదే సరుకులోంచి ఒక గిన్నెను ఇంట్లో వాడుకుంటే దానిపై పన్ను తామే కట్టాలి. ఇల్లు, దుకాణం కలగలిసిపోయే చిన్న వ్యాపారాల్లో ఇది తేలికగా మరుగున పడే నిబంధన. సర్టిఫికెట్‌ను తెలిసి దుర్వినియోగం చేస్తే నేరమే.

టోకు వ్యాపారికి చిక్కు మరోలా ఉంటుంది. తనిఖీలో సర్టిఫికెట్ చూపలేకపోతే వసూలు చేయని పన్ను ఆయనపైనే పడుతుంది. 10,000 డాలర్ల సరుకుకు అది 825 డాలర్ల వరకు ఉండవచ్చు. స్వల్ప లాభంతో అమ్మిన సరుకైతే మిగిలేది నష్టమే.

2018లో వేఫెయిర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో, రాష్ట్రంలో దుకాణం లేకున్నా నిర్ణీత స్థాయి మించి అమ్మేవారిపైనా రాష్ట్రాలు వసూలు బాధ్యత మోపగలుగుతున్నాయి. ఆ కేసుకు మూలమైన సౌత్ డకోటాలో ఆ పరిమితి ఏడాదికి లక్ష డాలర్లు.