బుస్త్‌లో రెండు సంచుల బంగారం: బైహకీ రాయసం, చరిత్ర రచన

ఖురాసాన్‌లోని బైహక్ ప్రాంతంలో 995లో పుట్టిన అబుల్ ఫజ్ల్ బైహకీ పేరు చెప్పగానే చరిత్రకారుడే గుర్తుకొస్తాడు. కానీ ఆ చేతికి ముందు అబ్బిన విద్య రాయసం. గజనీ ఆస్థానంలో ఉత్తరాలు నడిపే దివాన్-ఎ-రిసాలత్‌లో అబూ నస్ర్ ముష్కాన్ కింద ఆయన 19 ఏళ్లు పనిచేశాడు. లేఖలు సాపు చేయడం, వాటి నకళ్లు దాచుకోవడం ఆ కొలువులో నిత్యకృత్యం. ఆయన వచనానికి నడక నేర్పింది ఈ పనేనని నేను నమ్ముతున్నాను.

హిజ్రీ 428లో (1036-37) జరిగిన సంగతి చూడండి. హిల్మంద్ నదిలో పడవ మునగబోయి, గజనీ సుల్తాన్ మసూద్ చావు తప్పించుకుని జ్వరాన పడ్డాడు. దర్శనాలు ఆగిపోయాయి. అబూ నస్ర్ పంపిన కాగితాలతో బైహకీ లోపలికి వెళ్లాడు. తడిపిన నారబట్ట తెరలు, చెట్టుకొమ్మలు, పెద్ద గిన్నెల్లో మంచు, పలుచటి చొక్కాతో కూర్చున్న సుల్తాను, ఆయన మెడలో కర్పూరపు దండ, పక్కన వైద్యుడు. కాగితం అందించి వచ్చే మనిషి కళ్లకు ఎంత కనబడుతుందో అంతే రాశాడు.

తిరిగి వస్తుంటే సుల్తాను రెండు సంచులు పంపించాడు. ఒక్కోదానిలో వెయ్యి మిస్కాళ్ల తూకం బంగారం. తండ్రి మహమూద్ హిందూదేశంలో పగలగొట్టిన విగ్రహాల తాలూకు ముక్కలవి. ఇంతకన్నా ధర్మబద్ధమైన సొత్తు లేదని, బీదరికంలో ఉన్న బుస్త్ పట్టణపు ఖాజీకీ ఆయన కొడుక్కీ వాటిని ఇవ్వమని సుల్తాను ఆజ్ఞ. ఖాజీ పుచ్చుకోలేదు. ఆ దండయాత్రల్లో తాను లేననీ, అవి ప్రవక్త చూపిన మార్గంలోనే సాగాయో లేదో తనకు తెలియదనీ, లెక్క చెప్పుకోవలసిన రోజు దగ్గరలో ఉందనీ చెప్పి తిప్పి పంపాడు. కొడుకూ అదే మాట అన్నాడు.

మన గుళ్ల బంగారం గురించి గజనీ ఏలుబడిలోనే ఒక న్యాయాధికారికి కలిగిన సందేహమిది. దాన్ని తన చరిత్ర గ్రంథానికి ఎక్కించింది ఆ వంశం ఉప్పు తిన్న ఉద్యోగి. అదీ మహమూద్ మనవలు సింహాసనం మీద ఉన్న రోజుల్లో. ఖాజీని పొగుడుతూ పేజీలు నింపలేదు, సుల్తానును దెప్పలేదు. ఎవరి మాట వారి నోటనే ఉంచాడు. కళ్లారా చూసిందో, నమ్మదగిన మనిషి చెప్పిందో మాత్రమే రాస్తానన్నది ఆయన నియమం. దస్తావేజు మీద చేవ్రాలు విలువ తెలిసినవాడి పట్టింపు అది.

1040లో దందాన్‌కాన్ దగ్గర సెల్జూకుల చేతిలో మసూద్ ఓడాడు, మరుసటి ఏడు హతుడయ్యాడు. తర్వాత సుల్తాన్ అబ్దుల్ రషీద్ కాలంలో బైహకీ దివాన్-ఎ-రిసాలత్‌కే అధిపతి అయ్యాడు. పదవి పోయింది, చెరసాల వచ్చింది. కొలువు వదిలాక, అరవై దాటిన వయసులో, గ్రంథం మొదలుపెట్టి 1077లో చనిపోయాడు. అది సుమారు 30 సంపుటాలని చెబుతారు. దాచుకున్న కాగితాలను ఎవరో కావాలనే నాశనం చేశారనీ, అవి ఉంటే ఈ చరిత్ర తీరే వేరుగా ఉండేదనీ ఆయన అందులోనే బాధపడ్డాడు. ఆ తర్వాత సంపుటాలూ చాలావరకు పోయాయి. దక్కింది ప్రధానంగా మసూద్ కాలపు భాగం, అదీ పూర్తిగా కాదు.