కన్నీళ్ళు తుడిచిన తరువాత

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. పక్కింటివాళ్ళే అన్నం, చారు వండి తెచ్చి పెడతారు. పరామర్శకు వచ్చినవాళ్ళు పోయేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకుండా లేచిపోతారు. కర్మకాండ ముగిసేదాకా ఇల్లు జనంతో నిండి ఉంటుంది. ఆ తరువాత చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు రైలెక్కుతారు. అసలు దుఃఖం ఆ మర్నాడు మొదలవుతుంది.

మేము తార్నాకలో ఉండేవాళ్ళం. మా వారు పోయిన నెలకు ఒక ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. డిగ్రీ చదువుకున్న దాన్నే, అయినా ఎక్కడ సంతకం పెట్టాలో, దేనికి పెడుతున్నానో తెలియలేదు. బ్యాంకు వ్యవహారమంతా ఆయనే చూసేవారు. ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఎదురింటి పిన్నిగారు వచ్చారు. ఆవిడకు భర్త పోయి అప్పటికి ఆరేళ్ళు. "ఊరుకోమ్మా" అనలేదు. "చీర మార్చుకో, నేనూ వస్తాను, ఇద్దరం కలిసి వెడదాం" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను మళ్ళీ గడప దాటించింది.

ఆ తరువాత సాయంత్రం పూట మేమిద్దరం యూనివర్సిటీ రోడ్డున నడిచేవాళ్ళం. తార్నాక వైపు నుంచి ఉస్మానియా ఆవరణలోకి వచ్చి, ఆర్ట్స్ కాలేజీ దాటి విద్యానగర్ వైపు వెడితే ఆంధ్ర మహిళా సభ సంస్థలు కనిపిస్తాయి. కాలేజీ, అక్షరాస్యతా భవనం, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరున ఆసుపత్రి. ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో పోలేదు! కాని ఆ గోడల వెనుక ఉన్న కథ నాకు కష్టం వచ్చాకనే అర్థమైంది. ఇవాళ మీకు అదే చెబుతాను.

దుర్గాబాయమ్మగారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ ఊళ్ళోనే. ఈమెకు ఎనిమిదేళ్ళకే సుబ్బారావుగారితో పెళ్ళి చేశారు. జ్ఞానం వచ్చాక ఆమె కాపురానికి వెళ్ళనన్నారు. ఇంట్లోవాళ్ళు ఆమె మాటను గౌరవించారు. సుబ్బారావుగారు మాయమ్మగారిని పెళ్ళాడారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయమ్మగారు జైలుకు వెళ్ళారు. అక్కడి స్త్రీ ఖైదీలలో తమ మీద ఉన్న నేరమేమిటో, తాము ఒప్పుకున్నదేమిటో కూడా ఎరగని వాళ్ళను చూశారు. లా చదవాలన్న పట్టుదల ఆమెకు అక్కడే కలిగింది. ఆ మాట చదివినప్పుడు నా ఒళ్ళోని కాగితాలే నాకు గుర్తొచ్చాయి.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ వెలసింది. సరిగ్గా ఆ సంవత్సరమే హిందూ విధవకు భర్త ఆస్తిలో జీవితకాలం అనుభవించే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. సంపూర్ణమైన హక్కు రావడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది. చట్టంలో హక్కు రాసి ఉన్నంత మాత్రాన చేతికి అన్నం రాదు కదా! మెట్టినింట కాదన్న స్త్రీ ఎక్కడికి పోవాలి?

1941లో సుబ్బారావుగారు పోయారు. మాయమ్మగారికి అత్తవారింట ఆదరణ కరువైంది. అప్పుడామెను ఆదుకున్నది ఎవరనుకున్నారు? దుర్గాబాయమ్మగారే! తాను వద్దనుకున్న కాపురం చేసిన స్త్రీ అది. మరొకరైతే "నాకేం సంబంధం" అని ఉండేవారు. ఈమె మహిళా సభలో ఆమెకు శిక్షణ ఇప్పించారు. తరువాత ఆమె హైదరాబాదులో హస్తకళల టీచరుగా పనిచేశారు. జాలి మాటలతో సరిపెట్టక, ఒక విద్య చేతికిచ్చి, తలెత్తుకుని బతికే దారి చూపించారన్నమాట.

మద్రాసులో బెనారసు మెట్రిక్ పరీక్షకు ఆడవాళ్ళను తయారుచేసిన అనుభవమే తరువాత దేశానికంతా ఉపయోగపడింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దుర్గాబాయమ్మగారే మొదటి అధ్యక్షురాలు. ఆ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు, భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు రెండేళ్ళలో పరీక్షకు కూర్చుని నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా కుదురుకునేందుకు అవి దారి చూపాయి.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1959లో, ఇంగ్లండులో మార్గరెట్ టోరీ అనే ఆమె భర్త పోయిన స్త్రీల కోసం క్రూజ్ అనే సంస్థ పెట్టారు. 1960ల చివర అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్ అనే ఆవిడ ఇంకో పద్ధతి పెట్టారు. కొత్తగా భర్త పోయిన స్త్రీ ఇంటికి, ఆ బాధ పడి తేరుకున్న మరో స్త్రీని పంపడం. మా ఎదురింటి పిన్నిగారు ఏ పుస్తకమూ చదవకుండానే ఈ పని చేశారు!

దుర్గాబాయమ్మగారి రెండో పెళ్ళి సంగతీ చెప్పాలి. చింతామన్ దేశ్‌ముఖ్‌గారు రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు. 1949లో ఆయన భార్య రోజీనా పోయారు. 1953 జనవరిలో, ఆయన ఆర్థికమంత్రిగా ఉండగా, వీరిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పోయినవారిని మరిచిపోతేనే కొత్త జీవితం వస్తుందనడం సరి కాదు. తలుచుకుంటూనే ముందుకు సాగవచ్చు. చివరికి ఇద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆమె 1981 మే 9న, ఆయన 1982 అక్టోబరు 2న కన్నుమూశారు.

ఇక మనం చేయగలిగిందేమిటి? పరామర్శకు పదిరోజుల్లో అందరూ వెడతారు. మీరు నెలకు వెళ్ళండి, మూడు నెలలకు మళ్ళీ వెళ్ళండి. పోయినవారి పేరెత్తడానికి భయపడకండి. ఆ పేరు వినాలనే వాళ్ళకుంటుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ఆ పత్రం లేకపోతే ఏ పనీ కదలదు. బ్యాంకుకో, పెన్షను ఆఫీసుకో తోడు వెళ్ళండి. పేరంటానికి, పెళ్ళికి పిలవడం మానకండి. రోజుల తరబడి తిండీ నిద్రా లేక, బతకాలని లేదంటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారుంటారు. ఈ టెలి మానస్ ఏర్పాటు 2022లో ప్రభుత్వం చేసింది.

మా వీధిలో కిందటేడు ఒక అమ్మాయికి భర్త పోయాడు. చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు నేను వెళ్ళి, "కాగితాలు ఏవమ్మా, తే, ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. పిన్నిగారి బాకీ నేను తీర్చగలిగింది అలాగే.