ఐసీసీ ట్రోఫీ

టెస్టు హోదా లేని దేశాల జాతీయ జట్లకు అంతర్జాతీయ క్రికెట్ మండలి నిర్వహించిన వన్డే పోటీ. గెలిచినవారికి కప్పు కంటే ప్రపంచ కప్‌లో ఆడే అర్హతే అసలు బహుమతి. 1979లో ఇంగ్లండ్‌లో జరిగిన తొలి పోటీలో కెనడాను ఓడించి శ్రీలంక నెగ్గింది. రెండేళ్లకే ఆ దేశానికి టెస్టు హోదా దక్కింది. 1982, 1986, 1990లలో వరుసగా గెలిచిన జింబాబ్వే, 1983 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాకే షాకిచ్చింది. 1994లో యూఏఈ, 2001లో నెదర్లాండ్స్, 2005లో స్కాట్లాండ్ విజేతలు.

అన్నిటిలోకీ గుర్తుండిపోయేది 1997 కౌలాలంపూర్ ఫైనల్. స్టీవ్ టికోలో 147 పరుగులు బాదడంతో కెన్యా 241 చేసింది. వాన వల్ల ఆట రెండో రోజుకు వెళ్లింది. బంగ్లాదేశ్ లక్ష్యం 25 ఓవర్లలో 166కు మారింది. చివరి ఓవర్లో 11 పరుగులు కావాలి. తొలి బంతికే ఖాలెద్ మసూద్ సిక్సర్ కొట్టాడు. ఆఖరి బంతికి ఒక్క పరుగు. బంతి బ్యాటుకు తగల్లేదు, కాలికి తగిలింది. అయినా పరుగు పూర్తయింది. ఒక దేశపు క్రికెట్ చరిత్రను మలుపు తిప్పింది ఓ లెగ్ బై అన్నమాట! 2000లో బంగ్లాదేశ్ టెస్టు జట్టయింది.

2009 నుంచి ఈ పోటీని ప్రపంచ కప్ క్వాలిఫయర్ అంటున్నారు. ఇప్పుడిది చిన్న జట్లకే పరిమితం కాదు. 2023లో జింబాబ్వేలో స్కాట్లాండ్ చేతిలో ఓడి, రెండుసార్లు ప్రపంచ విజేత అయిన వెస్టిండీస్ ప్రపంచ కప్‌కు దూరమైంది.