మార్బుల్ కేకు ఇంటికొచ్చిన దారి

1747లో లండన్‌లో ఒక వంటల పుస్తకం అచ్చయింది. పేరు ‘ది ఆర్ట్ ఆఫ్ కుకరీ మేడ్ ప్లెయిన్ అండ్ ఈజీ’. రచయిత్రి హన్నా గ్లాస్. మొదటి ముద్రణ మీద ఆమె పేరు లేదు, రాసింది ‘ఒక మహిళ’ అని మాత్రమే వేశారు. పెద్ద ఇళ్లలో పనిచేసే వంటవాళ్లకు కూడా అర్థం కావాలని పట్టుబట్టి తేలిక మాటల్లో రాసిన పుస్తకం అది. అందులో పౌండ్ కేకు చేసే పద్ధతి ఉంది. ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల వెన్న. అంతే పిండి, అంతే పంచదార. 12 కోడిగుడ్లు, వాటిలో ఆరింటి తెల్లసొన తీసేయాలి. వెన్నను మట్టిపాత్రలో వేసి చేత్తో ఒకే వైపు తిప్పుతూ మెత్తని మీగడలా అయ్యేదాకా గిలక్కొట్టాలి. మిగతావన్నీ కలిపాక చేత్తోనో పెద్ద చెక్కగరిటెతోనో మరో గంటసేపు కొట్టాలి.

గంటసేపు! ఏ పనిమనిషి భుజం ఎంత పీకిందో ఏ పుస్తకమూ రాయలేదు. ఆ రోజుల్లో బేకింగ్ పౌడర్ లేదు. కేకు పొంగడానికి ఆ చెయ్యి పిండిలోకి తోసిన గాలే దిక్కు.

అదే 1747లో బెర్లిన్‌లో ఆండ్రియాస్ మార్గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త బీట్ దుంపల్లోంచి చక్కెర తీశాడు. ఆ స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూసి, చెరకు చక్కెరకూ వీటికీ తేడా లేదని తేల్చాడు. లండన్ వంటగదికీ బెర్లిన్ ప్రయోగశాలకూ ఏ సంబంధమూ లేదు. అయినా మార్బుల్ కేకు కథ చెప్పాలంటే ఈ రెండు చోట్ల నుంచీ మొదలుపెట్టాలి. చేతికష్టం తగ్గాలి, సరుకుల ఖరీదు దిగాలి. ఆ రెండూ జరిగాకే ఈ కేకు మామూలు ఇంటి గడప తొక్కింది.

తెల్లపిండి, నల్లపిండి కలిపి గీతలు గీతలుగా కాల్చే ఈ కేకు 19వ శతాబ్దపు జర్మనీలో రూపుదిద్దుకుంది. అక్కడ దాని పేరు మార్మోర్‌కుఖెన్. దీన్ని కనిపెట్టింది ఫలానా వారని చెప్పుకోవడానికి ఒక పేరంటూ లేదు. రాజుగారి వంటశాలలో పుట్టిన పిండివంటలకు పేర్లూ కథలూ మిగిలాయి గానీ దీనికి మిగలలేదు. కారణం కేకులోనే కనిపిస్తుంది. ఇది పొదుపు తెలిసిన చేతుల పని. పిండిలో మూడో వంతుకో, సగానికో మాత్రమే కోకో కలుపుతారు. ఖరీదైన సరుకు కొంచెమే పడుతుంది, కోసిన ప్రతి ముక్కలోనూ కంటికి నిండుగా కనిపిస్తుంది. పైన క్రీము అక్కర్లేదు, అలంకారం అక్కర్లేదు. కాస్త పంచదార పొడి చల్లితే చాలు, అందమంతా లోపలే ఉంది.

దాన్ని కాల్చే అచ్చుకు మాత్రం అంతకుముందే చరిత్ర ఉంది. జర్మనీ, ఆస్ట్రియా, ఆల్సాస్ ప్రాంతాల్లో ఈస్టుతో పులియబెట్టి చేసే గూగెల్‌హుప్ఫ్ అనే కేకు కోసం మట్టితోనూ రాగితోనూ గాడుల అచ్చులు చేసేవారు. మధ్యలో గొట్టంలాంటి రంధ్రం. చిక్కటి పిండిని లోతు గిన్నెలో పోసి కాలిస్తే అంచులు మాడతాయి, నడుమ పచ్చిగా ఉండిపోతుంది. మధ్యలో రంధ్రం ఉంటే వేడి లోపలి నుంచి కూడా తగులుతుంది. మార్మోర్‌కుఖెన్ ఆ అచ్చునే సొంతం చేసుకుంది.

ఇక సరుకుల సంగతి. మార్గ్రాఫ్ శిష్యుడు ఫ్రాంజ్ ఆకార్డ్ ప్రష్యా రాజు సాయంతో 1801లో సైలీషియాలోని కూనెర్న్‌లో బీట్ చక్కెర కర్మాగారం నెలకొల్పాడు. కొద్ది ఏళ్లకే నెపోలియన్ బ్రిటన్ సరుకుల మీద దిగ్బంధం విధించడంతో కరీబియన్ దీవుల చెరకు చక్కెర యూరప్ రేవులకు రావడం కష్టమైంది. అందరి చూపూ దుంపల మీద పడింది. ఆ శతాబ్దం ముగిసేసరికి జర్మనీ బీట్ చక్కెర తయారీలో ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి. ఒకప్పుడు తాళం వేసిన పెట్టెలో దాచుకున్న చక్కెర కిరాణా కొట్టులో మామూలు సరుకైంది.

కోకోకు దారి తెరిచింది ఆమ్‌స్టర్‌డామ్. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. దంచితే జిగట ముద్ద అవుతుంది తప్ప పొడి కాదు. 1828లో వాన్ హౌటెన్ కుటుంబం గింజ ముద్దను ఒత్తి కొవ్వులో దాదాపు సగం పిండేసే యంత్రానికి పేటెంటు తీసుకుంది. మిగిలిన గట్టి చెక్కను దంచితే పొడి వచ్చింది. దానికి క్షారం చేర్చితే పులుపూ చేదూ తగ్గి, రంగు ముదిరింది. పాలల్లో, నీళ్లల్లో తేలిగ్గా కలిసింది. తెల్లపిండి పక్కన నల్లగీత స్పష్టంగా కనబడాలంటే కావలసింది సరిగ్గా ఇలాంటి పొడే.

పొయ్యి కథ మరీ ఆసక్తికరం. అమెరికాలో పుట్టిన బెంజమిన్ థాంప్సన్ 18వ శతాబ్దం చివర్లో బవేరియా పాలకుడి కొలువులో చేరి మ్యూనిక్‌లో పేదల కోసం పనిశాలలు పెట్టించాడు. కౌంట్ రమ్‌ఫర్డ్ బిరుదు అక్కడిదే. వందల మందికి వండిపెట్టాల్సి వచ్చినప్పుడు, బయటికి తెరిచి ఉన్న మంట ఎంత కట్టెను దండగ చేస్తోందో అతనికి అర్థమైంది. మంటను ఇటుకల గూట్లో మూసేసి, వేడిని గిన్నె అడుగుకు మళ్లించే పొయ్యిలు కట్టించాడు. ఆ ఆలోచన మీదే తరవాత ఇనప పొయ్యిలు, వాటి పక్కనే చిన్న ఓవెన్ గూడూ వచ్చాయి. అంతకుముందు కేకు కాల్చాలంటే ఊరి రొట్టెల బట్టీకి మోసుకెళ్లాల్సిన ఇళ్లే ఎక్కువ.

రమ్‌ఫర్డ్ పోతూ పోతూ హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి డబ్బు రాసిపెట్టాడు. ఆ సొమ్ముతో ఏర్పడ్డ ఆచార్య పదవిలోకి 1847లో ఎబెన్ హార్స్‌ఫర్డ్ వచ్చాడు. అతను జర్మనీలోని గీసెన్‌లో మహా రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ దగ్గర చదువుకున్నవాడు. పిండిని పొంగించే బేకింగ్ సోడాకు తోడు ఆమ్లంగా అప్పటిదాకా వాడుతున్న క్రీమ్ ఆఫ్ టార్టార్ యూరప్ ద్రాక్షసారా పీపాల అడుగు నుంచి రావాలి, ఖరీదెక్కువ. హార్స్‌ఫర్డ్ ఎముకల నుంచి ఆమ్ల గుణమున్న కాల్షియం ఫాస్ఫేట్ తయారుచేసి 1856లో పేటెంటు పొందాడు. తన కంపెనీకి రమ్‌ఫర్డ్ పేరే పెట్టాడు. పొయ్యిని చక్కదిద్దినవాడి సొమ్ము, ఒక తరం దాటాక, పిండిని పొంగించే పొడికి ఉపయోగపడిందన్నమాట.

అంతకు పదమూడేళ్ల ముందే, 1843లో, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన ఈస్టు లేకుండా రొట్టె పొంగించే పొడి చేశాడు. అతని భార్యకు ఈస్టు పడేది కాదు. అంతకుముందే ఆమెకు గుడ్లు పడవని గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేసిందీ అతనే. ఈ చరిత్ర మొత్తంలో మనసుకు బాగా దగ్గరగా అనిపించేది ఈ ఇల్లాలి కోసం జరిగిన ప్రయోగమే.

అయితే మార్బుల్ కేకును జర్మనీలో ప్రతి ఇంటి కేకుగా చేసింది ఇంకొక మందుల షాపాయన. 1891లో డాక్టర్ ఆగస్ట్ ఓట్కర్ బీలెఫెల్డ్ పట్టణంలో ఒక ఫార్మసీ కొన్నాడు. బేకింగ్ పౌడర్ అప్పటికి కొత్తది కాదు. కానీ ఎంత వేయాలో తెలియక ఒకరు ఎక్కువ వేసి చేదు చేసుకునేవారు, ఒకరు తక్కువ వేసి గట్టి చేసుకునేవారు. ఓట్కర్ సరిగ్గా 500 గ్రాముల పిండికి సరిపడేంత పొడిని తూచి చిన్న పొట్లాల్లో కట్టి ‘బాకిన్’ పేరుతో 10 ఫెన్నిగ్‌లకు అమ్మాడు. కేకులు చేసే పద్ధతులు కూడా తనే అచ్చేసి పంచాడు. 1911లో బడుల కోసమే ఒక వంటల పుస్తకం తెచ్చాడు. కొలత తప్పే భయం పోయాక, అలవాటు లేని చేతులు కూడా ధైర్యంగా కేకు జోలికి వెళ్లాయి. పిల్లల పుట్టినరోజుకీ, ఆదివారం మధ్యాహ్నం కాఫీకీ మార్మోర్‌కుఖెన్ ఇంటింటి అలవాటైంది. ఓట్కర్ చేసిన మేలు రసాయనంలో కంటే ఆ పొట్లం కొలతలోనే ఎక్కువ ఉంది.

ఈలోగా కేకు సముద్రం దాటింది. 19వ శతాబ్దం నడుమ వలసవెళ్లిన జర్మన్ కుటుంబాలతో అది అమెరికా చేరింది. అక్కడ తొలినాళ్లలో నల్లభాగానికి కోకో కాదు, మొలాసిస్ వాడేవారు. చక్కెర తీయగా మిగిలే నల్లటి పాకం అది. అందులో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి కలిపేవారు. తెల్లభాగంలోకి గుడ్ల తెల్లసొన, నల్లభాగంలోకి పచ్చసొన వాడే పద్ధతీ ఉండేది. ఒక్క చుక్క వృథా పోదు, రంగుల తేడా ఇంకా తేటగా వస్తుంది. ఎంత తెలివైన లెక్క! 19వ శతాబ్దం చివరికి చాక్లెట్ చౌకవుతున్న కొద్దీ మసాలా ఘాటు వెనక్కి తగ్గింది. ఆ మసాలా రకాన్ని ఇప్పుడు దాదాపు ఎవరూ చేయకపోవడం విచారించాల్సిన విషయమే. బెల్లం, లవంగం రుచి ఎరిగిన తెలుగు నాలుకకు అది కోకో కంటే ముందు నచ్చుతుంది.

అచ్చు కూడా వెనకాలే వెళ్లింది. 1950లో మినియాపొలిస్‌లో యూదు మహిళల సంఘం సభ్యులు కొందరు, తమ పెద్దవాళ్లు యూరప్‌లో వాడిన బరువైన గాడుల అచ్చు లాంటిది కావాలని నార్డిక్ వేర్ కంపెనీ యజమాని డేవిడ్ డాల్‌క్విస్ట్‌ను అడిగారు. ఆయన అల్యూమినియంతో పోతపోసి ఇచ్చాడు. అదే బండ్ట్ ప్యాన్. మొదట పెద్దగా అమ్ముడుపోలేదు. 1966లో పిల్స్‌బరీ కేకుల పోటీలో ఆ అచ్చులో కాల్చిన చాక్లెట్ కేకుకు రెండో బహుమతి వచ్చాక మాత్రం దుకాణాల్లో అచ్చులు దొరకలేదు. స్వీడన్‌లో ఈ చారల కేకు పులి పేరుతో చెలామణి అవుతుంది. డచ్చి వాళ్ల పాలన సాగిన ఇండోనేషియాలోనూ ఇంటి కేకుల్లో దీనికి చోటుంది.

తెలుగు ఊళ్లలో ఇది బేకరీ అద్దాల వెనక ప్లమ్ కేకు పక్కన ముక్కలుగా కూర్చుంది. ఇళ్లలోకి వచ్చింది మాత్రం ఎక్కువగా ప్రెషర్ కుక్కర్ ద్వారానే. అడుగున ఇసుకో ఉప్పో పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, మూత పెట్టి కాల్చే పద్ధతి అమ్మల నుంచి కూతుళ్లకు అందింది. మూసిన గూట్లో వేడిని నిలబెట్టడమే కదా రమ్‌ఫర్డ్ చేసింది కూడా. ఇప్పుడు కోకో కూడా దూరం నుంచి రానక్కర్లేదు. దేశంలో కోకో గింజలు అత్యధికంగా పండించేది ఆంధ్రప్రదేశ్. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా కోకో కాయలు కాస్తున్నాయి. కాయ కొట్టి, గింజలను గుజ్జుతో సహా కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు.

కుక్కర్లో పట్టే చిన్న కేకుకు 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార పొడి, 2 గుడ్లు, 125 గ్రాముల మైదా, ఒక చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా ఉప్పు, 50 మిల్లీలీటర్ల పాలు చాలు. నల్లభాగానికి రెండు పెద్ద చెంచాల కోకో, రెండు పెద్ద చెంచాల పాలు విడిగా ఉంచుకోవాలి. అన్నింటికంటే ముఖ్యం వెన్న. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు. వెన్న, పంచదార కలిపి కొట్టేటప్పుడు చేరిన సన్నటి గాలి బుడగల్నే అది పెద్దవి చేస్తుంది. అందుకే హన్నా గ్లాస్ చెప్పిన పని ఇవాళ గంట నుంచి పది నిమిషాలకు దిగింది గానీ పూర్తిగా పోలేదు. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా, కరగకుండా ఉన్న వెన్నలోనే గాలి నిలుస్తుంది. మన వేసవిలో బయట వదిలేసిన వెన్న నూనె అయిపోతుంది. అలాంటప్పుడు గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి కొట్టుకోవాలి. గుడ్లు ఒక్కొక్కటే వేసి కలపాలి. జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు వేశాక మాత్రం ఎక్కువ కొట్టకూడదు, సాగుడు వచ్చి కేకు బిరుసెక్కుతుంది. పాలు పోసి, ఇడ్లీ పిండిలా గరిటె నుంచి ముద్దగా జారే చిక్కదనానికి తెచ్చుకోవాలి.

మూడో వంతు పిండి వేరే గిన్నెలోకి తీసి కోకో కలపాలి. చాలామందికి గీతలు చెడేది ఇక్కడే. కోకో పొడి తేమను బాగా పీల్చుకుని పిండిని గట్టిపరుస్తుంది. గట్టి పిండి, జారు పిండి పక్కపక్కన ఉంటే ఒకటి ముద్దగా అడుగుకు దిగుతుంది, రెండోది దాని చుట్టూ పారుతుంది. విడిగా ఉంచిన పాలు అందుకే. రెండు పిండులూ ఒకే చిక్కదనంతో ఉంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా మడతపడతాయి. వెన్న రాసి పిండి చల్లిన గిన్నెలో తెల్లది, నల్లది, మళ్లీ తెల్లది గరిటెలతో వేసి, ఫోర్కు అడుగుదాకా దించి రెండు మూడు చుట్లు మెల్లిగా తిప్పి ఆపేయాలి. ఇంకా బాగా వస్తుందని మరో నాలుగు చుట్లు తిప్పితే గీతలు పోయి అంతా గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇసుక వేసిన కుక్కర్‌ను పది నిమిషాలు ముందే వేడెక్కించి, లోపల స్టాండు మీద గిన్నె పెట్టి, సన్నసెగ మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ ఉన్నవాళ్లు 175 డిగ్రీల వేడిలో 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. పది నిమిషాలు ఆగి గిన్నె బోర్లించి, పూర్తిగా చల్లారాకే రంపపు చాకుతో కోయాలి. వేడిమీద కోస్తే పొరలు నలిగి రంగులు ఒకదానికొకటి పూసుకుంటాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో చలికాలమైతే మూడు రోజులు బయటే ఉంటుంది. ఎండాకాలం ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు అరగంట బయట ఉంచితే బిగుసుకున్న వెన్న మెత్తబడి ముక్క మళ్లీ గుల్లగా తగులుతుంది.