అయస్కాంత వలయం: మగ్గం మోటారు వెనుక చరిత్ర

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు వలస వెళ్ళిన ఎన్నో పద్మశాలి కుటుంబాలకు పవర్‌లూమే బతుకుతెరువు. ఆ నగరంలోని బమ్రోలి షెడ్లలో మగ్గాన్ని తిప్పేది ఇండక్షన్ మోటారు. అందులో ఇనుము ఎంత ఉండాలి, ఖాళీ ఎంత ఉండాలి అనే లెక్క ఎలా పుట్టిందో చూద్దాం. సైన్స్ అండ్ టెక్నాలజీని చరిత్రతో కలిపి రాయడానికి ఇది మంచి ఉదాహరణ.

భావన పుట్టుక

1873లో అమెరికా శాస్త్రవేత్త హెన్రీ రోలాండ్ అయస్కాంతత్వాన్ని ఓమ్ నియమంతో పోల్చాడు. తీగలో కరెంటు ప్రవహించినట్టే ఇనుములో అయస్కాంత అభివాహం సాగుతుందన్నది ఆ పోలిక. 1888లో హెవిసైడ్ ఆ దారిలోని అడ్డంకికి 'రిలక్టెన్స్' అని పేరు పెట్టాడు. దానికి విలోమమే పర్మియన్స్, అంటే దారి ఎంత సులువో చెప్పే కొలత. దారి లావైతే పర్మియన్స్ పెరుగుతుంది, పొడవైతే తగ్గుతుంది.

మలుపు

ఎడిసన్ తొలి డైనమోల అయస్కాంతాలకు కాళ్ళు సన్నగా, పొడవుగా ఉండేవి. ఇంగ్లండ్‌లో జాన్ హాప్కిన్సన్ వాటిని పొట్టిగా, లావుగా మార్చాడు. దాదాపు అదే బరువుతో యంత్రం సుమారు రెట్టింపు శక్తినిచ్చింది. ఆ యంత్రాలను తయారుచేసిన మాథర్ అండ్ ప్లాట్ అప్పటికే వస్త్ర పరిశ్రమకు యంత్రాలు చేసే సంస్థ! 1886లో జాన్, ఆయన తమ్ముడు ఎడ్వర్డ్ ప్రచురించిన వ్యాసంతో డైనమోను కట్టకముందే లెక్కగట్టే పద్ధతి స్థిరపడింది.

పోలికకు హద్దులు

ఇక్కడ జాగ్రత్త. కరెంటును ఆపే ఇన్సులేటర్ ఉంది, అభివాహాన్ని అలా ఆపే సాధారణ పదార్థం లేదు. కొంత పక్కకు కారుతూనే ఉంటుంది. పైగా ఇనుము సంతృప్తమైతే పర్మియన్స్ పడిపోతుంది.

నేటికి వర్తింపు

ఇనుము సాపేక్ష పర్మియబిలిటీ 1000 అనుకోండి. అప్పుడు 1 మిల్లీమీటరు గాలి ఖాళీ, అంతే మందం గల 1 మీటరు ఇనుముతో సమానమైన అడ్డంకి. అందుకే మోటారులో రోటరుకూ స్టేటరుకూ మధ్య ఖాళీని వీలైనంత తక్కువగా ఉంచుతారు. అది పెరిగితే మోటారు అయస్కాంతీకరణకే ఎక్కువ కరెంటు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది, తీగలు వేడెక్కుతాయి. ఆ నష్టం చివరికి చిన్న మగ్గం యజమాని ఖర్చులోనే తేలుతుంది.

ముగింపు

ఇంధన పొదుపు మీద వ్యాసం వస్తే పథకాల పేర్లతో ఆపకండి. హాప్కిన్సన్ కొత్త లోహాన్ని కనిపెట్టలేదు. ఉన్న ఇనుమునే సరైన ఆకారంలో పెట్టాడు. వనరు పెంచకుండా ఫలితం పెంచడమే సామర్థ్యం. మీ జవాబుకు ఆ ఒక్క వాక్యం వెన్నెముక అవుతుంది.